టర్బో కిట్ బిగించేటప్పుడు ముందుగా ఆయిల్ దిగే దారి చూడండి

టర్బో అంటే ఎగ్జాస్ట్ పొగ తోపుతో తిరిగి ఇంజన్‌లోకి అదనంగా గాలి నెట్టేది. దాన్ని, దాని పైపులను కలిపి అమ్మే టర్బో కిట్ పెట్టె విప్పగానే అందరి చెయ్యీ మొదట మేనిఫోల్డ్ మీదికి, అంటే ఇంజన్ పొగను టర్బోకు చేర్చే పైపుల గుత్తి మీదికి పోతుంది. నేను మాత్రం టర్బో నుంచి ఆయిల్‌ను చాంబర్‌లోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి, దింపే పైపును ముందు బయటికి తీస్తాను. రేడియేటర్‌ను జరపవచ్చు, గాలి పైపును కోసి మళ్లీ వెల్డింగ్ చేయించవచ్చు, వైరింగ్‌ను మరో దారిలో తిప్పవచ్చు. ఆయిల్ మాత్రం తన బరువుతోనే కిందికి జారాలి. దానికి వెనక నుంచి తోసే పంపు లేదు. అందుకే కిట్‌లోని మిగతా భాగాలు ఎక్కడ కూర్చోవాలో ఆ పైపే తేల్చాలని నా గట్టి నమ్మకం.

విజయవాడ ఆటోనగర్‌లో నేను పని నేర్చుకున్నది లారీ ఇంజన్ల మీద. వాటికి టర్బో కంపెనీలోనే బిగించి వస్తుంది. ప్రతి పైపుకూ ఒక చోటు, ప్రతి క్లిప్పుకూ ఒక కారణం ఉంటాయి. బయట కొన్న కిట్ అలా కాదు. ఏదో దేశంలో ఎవరో తమ ముందున్న కారుకు కొలిచి చేసింది మన కారులో కూర్చోవాలి. ఇక్కడ 2003కు ముందటి పాత హోండా సిటీ 1.5 ఉదాహరణతో చెబుతాను. ఆ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ ముందువైపు ఉంటుంది. అంటే టర్బో వచ్చి రేడియేటర్‌కు, బ్లాకుకు మధ్య ఉన్న ఇరుకులోనే కూర్చోవాలి. సర్దుబాటు సమస్యలన్నీ ఆ కాస్త చోటులోనే కనబడతాయి.

నేను చెప్పేది తమిళనాడులోని ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు రేసు ట్రాకుల మీద నడిపే కార్ల సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశించిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ మాటనే స్పష్టం చేసింది. 182ఎ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. బెంజ్ సర్కిల్‌లో తిప్పడానికి టర్బో బిగించమని అడిగేవారికి నేను ఈ పని చేసిపెట్టను.

ఇక పని. పెట్టెలోని భాగాలన్నీ ప్యాకింగ్‌లు లేకుండా, నట్లు చేత్తో తిప్పినంత వదులుగా, ఒకసారి కారు మీద అమర్చి చూడండి. ఏదీ బిగించవద్దు. ఏదీ కోయవద్దు. గ్రైండర్‌ను ఆ రోజు ఇంటికి పంపేయండి. ఒక చోట ఆనుతోందని కోసేశాక, అసలు కారణం మరో చోట ఉందని తెలిస్తే ఆ ముక్క తిరిగి రాదు. ఎక్కడెక్కడ తగులుతోందో సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. ఎడమవైపు స్టీరింగ్ ఉండే దేశాల కోసం చేసిన కిట్ అయితే కుడివైపు మరింత జాగ్రత్తగా చూడండి. మన కార్లలో బ్రేకు బూస్టరు, స్టీరింగ్ రాడ్డు ఉండేది అటే. కిట్ చేసినవారికి అక్కడ ఖాళీ కనిపించింది కాబట్టి పైపును అటే పంపి ఉంటారు. ఆ పైపును వంచి ఎలాగోలా దూర్చే ప్రయత్నం చేయవద్దు. కొత్త దారి వేయించండి.

ఇప్పుడు ఆయిల్ దారి. టర్బో మధ్యభాగంలో ఆయిల్ బయటికొచ్చే రంధ్రం నిట్టనిలువుగా కిందికి చూడాలి. తప్పనిసరైతే అటో ఇటో 35 డిగ్రీల వరకు ఒరగవచ్చు, అంతకు మించితే ఒప్పుకోకండి. టర్బో ఇరుసు దాదాపు అడ్డంగా, మట్టంగా ఉండాలి. పైపు మొత్తం దిగుడుగానే పోవాలి. మధ్యలో ఎక్కడ పల్లం పడినా ఆయిల్ అక్కడ నిలుస్తుంది. లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్ల కంటే తక్కువ వద్దు, 16 ఉంటే నాకు మనశ్శాంతి. చాంబర్‌లో అది కలిసే చోటు నిండు ఆయిల్ మట్టానికి పైన ఉండాలి. మట్టం కిందికి కలిపితే ఆయిల్ వెనక్కి తన్ని టర్బో సీళ్లు దాటుతుంది, సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తుంది. అప్పుడు చాలామంది టర్బోనే పాడైందనుకుని కొత్తది కొంటారు. డబ్బు పోతుంది, పొగ పోదు. చాంబర్‌ను కారు నుంచి దించి, బల్ల మీద పెట్టి రంధ్రం చేయించి, పైపు కూర్చునే ముక్కను వెల్డింగ్ చేయించండి. కారు మీదే ఉంచి డ్రిల్లు కొడితే ఇనుప రజను ఇంజన్‌లోకి పోతుంది.

టర్బోకు ఆయిల్ వచ్చే పైపు దగ్గర ఇంకో చిక్కుంది. నా దగ్గరకు వచ్చే కార్లలో నేను మొదట వెతికేది దాన్నే. చాలా జపాన్ ఇంజన్లలో ఆయిల్ ప్రెషర్ స్విచ్ కూర్చునే రంధ్రం మర బి.ఎస్.పి.టి. (బ్రిటిష్ పైపు మర) 1/8, అంగుళానికి 28 మరలు. అమెరికా తరహా కిట్‌లలో వచ్చే ఫిట్టింగ్ ఎన్.పి.టి. (అమెరికా పైపు మర) 1/8, అంగుళానికి 27 మరలు. కంటికి రెండూ ఒకటే. చేత్తో తిప్పితే రెండు మూడు చుట్లు తియ్యగా ఎక్కుతుంది కూడా. తర్వాత గట్టిగా పట్టేస్తుంది. అది బిగిసిందని సంతోషించి స్పానర్ వేస్తే అల్యూమినియం మర చెడిపోతుంది, ఒక్కోసారి అక్కడే పగులు వస్తుంది. మర గేజ్ పెట్టి కొలవండి. ఆటోనగర్‌లో హైడ్రాలిక్ హోసులు తయారుచేసే షాపులకు పాత స్విచ్‌ను, కొత్త ఫిట్టింగ్‌ను రెండింటినీ తీసుకెళ్లి చూపిస్తే సరైన అడాప్టర్ ఇస్తారు. ఈ దారిలో టెఫ్లాన్ టేపు, సిలికాన్ పేస్టు వాడవద్దు. తెగిన చిన్న పోగు ఒకటి చాలు, రిస్ట్రిక్టర్‌లోని, అంటే టర్బోకు పోయే ఆయిల్‌ను తగ్గించే ముక్కలోని, ఒక మిల్లీమీటరు రంధ్రాన్ని మూసేయడానికి. ఇరుసు గుండ్ల మీద తిరిగే బాల్ బేరింగ్ టర్బో అయితే ఆ ఒక మిల్లీమీటరు రిస్ట్రిక్టర్ అవసరమే. ఇరుసు ఆయిల్ పొర మీదే తిరిగే మామూలు జర్నల్ బేరింగ్‌కు సాధారణంగా అక్కర్లేదు.

మేనిఫోల్డ్‌కు వద్దాం. తక్కువ ధర కిట్‌లలో వెల్డింగ్ వేడికి ఫ్లాంజ్ (ఇంజన్‌కు ఆనించి బిగించే పట్టీ) అరటిదొప్పలా వంగి వస్తుంది. నట్లు బిగిస్తే సర్దుకుంటుందని నమ్మవద్దు. ఉక్కు స్కేలు నిలువుగా ఆనించి కింద ఫీలర్ గేజ్ దూర్చండి. 0.1 మిల్లీమీటరు రేకు ఎక్కడైనా దూరితే సర్ఫేస్ చేయించాల్సిందే. లేత్ షాపులో ఇచ్చేటప్పుడు “కాస్త నున్నగా చేయండి” అంటే పైపైన పాలిష్ కొట్టి ఇస్తారు. “అన్నగారూ, నాలుగు పోర్టులూ ఒకే మట్టానికి రావాలి” అని స్కేలు పెట్టి చూపించండి. తీసుకునేటప్పుడు వారి ముందే మళ్లీ కొలవండి, ఎవరూ ఏమీ అనుకోరు. 400 మిల్లీమీటర్ల ఉక్కు ఫ్లాంజ్ 500 డిగ్రీలు వేడెక్కితే రెండు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. కాబట్టి మధ్య రంధ్రాలను ఉన్నట్టే వదిలి, రెండు చివరల రంధ్రాలను కొంచెం పొడవుగా చేయించండి. లేకపోతే సాగడానికి చోటు లేక స్టడ్‌లు తెగుతాయి, లేదా మేనిఫోల్డ్ పగులుతుంది.

టర్బో వచ్చి రేడియేటర్ ఫ్యానుకు తగులుతుంటే రెండు మార్గాలున్నాయి. మేనిఫోల్డ్‌కు, టర్బోకు మధ్య 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ముక్క వేస్తే టర్బో కాస్త పైకి లేస్తుంది. అప్పుడు పొడవైన స్టడ్‌లు కావాలి, బానెట్ దగ్గర ఎంత ఖాళీ మిగిలిందో చూడాలి. పిల్లలు ఆడుకునే మైనం ముద్ద టర్బో మీద పెట్టి బానెట్ మెల్లగా మూసి తెరవండి. నలిగిన ముద్ద మందమే మీకున్న ఖాళీ. రెండో మార్గం సన్నటి ఫ్యాను. మూడోది ఒకటి చాలామంది చెబుతారు, ఏసీ తీసేయమని. ట్రాక్ కారే అయినా నేను దానికి ఒప్పుకోను. మన దగ్గర మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజుల్లో హెల్మెట్ పెట్టుకుని కారులో కూర్చుని లైనులో వేచి ఉండే మనిషి ప్రాణం గురించి కూడా ఆలోచించాలి.

గాలి పైపు తప్పు దిక్కుకు చూస్తుంటే కంప్రెసర్ గుల్లను, అంటే టర్బోలో గాలిని నొక్కే వైపు గుల్లను, తిప్పుకోవచ్చు. బోల్టులు వదులు చేసి, గుల్లను తిన్నగా తిప్పాలి. ఒరిగితే లోపలి రెక్కల అంచు గీసుకుపోతుంది. ఇక్కడ చాలామంది మరిచేది యాక్చుయేటర్, అంటే అదనపు పొగను టర్బో పక్కనుంచి పంపే తలుపును (వేస్ట్‌గేట్‌ను) రాడ్డుతో తెరిచేది. దాని బ్రాకెట్ గుల్లకే ఉంటుంది కాబట్టి గుల్లతోపాటు అదీ తిరుగుతుంది, రాడ్డు పక్కకు లాగుతుంది, వేస్ట్‌గేట్ ఇరుక్కుంటుంది, బూస్టు (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) అదుపు తప్పుతుంది. కొత్త బ్రాకెట్ చేయించైనా రాడ్డు తిన్నగా లాగేలా చూడండి. రాడ్డు కన్నం పిన్నుకు ఒకటి రెండు మిల్లీమీటర్లు చాలకుండా ఉండి, కొద్దిగా లాగితే ఎక్కాలి.

ఇంజన్ ఆగి ఉన్నప్పుడు కనిపించే ఖాళీ పనిలో ఉండదు. రబ్బరు మౌంట్ల మీద ఇంజన్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. టైరు లివరుతో ఇంజన్‌ను రెండు వైపులా నెట్టి చూస్తూ, కదిలే భాగానికి, కదలని భాగానికి మధ్య 20 మిల్లీమీటర్లైనా మిగిలేలా చూసుకోండి. టర్బో నుంచి పొగను కిందికి తీసుకెళ్లే డౌన్‌పైపులో వంగే బెల్లోస్ ముక్క తప్పకుండా ఉండాలి. పైపు బరువును గేర్‌బాక్స్ దగ్గర బ్రాకెట్ మోయాలి, టర్బో మోయకూడదు. పైపు మార్పులకు ముందు అట్టముక్కలతో నమూనా చేసి, కారు మీద చుక్క వెల్డింగ్ పెట్టి, పూర్తి వెల్డింగ్‌ను బయట మందపాటి ప్లేటుకు బిగించి చేయించండి. కారు మీద వెల్డింగ్ పెట్టేటప్పుడు బ్యాటరీ తీసేయాలి, ఇంజన్ కంప్యూటర్ ప్లగ్గులు ఊడదీయాలి. మామూలు ఇనుమును స్టెయిన్‌లెస్‌తో కలిపే చోట 309 రకం కడ్డీ వాడమని వెల్డర్‌కు ముందే చెప్పండి.

పెట్రోలు ఇంజన్ ఎగ్జాస్ట్ వేడి 800 డిగ్రీలు దాటుతుంది. తగలకపోయినా ఆ సెగకే బ్రేకు హోసు, వైర్ల తొడుగు మాడిపోతాయి. గుడ్డ చుట్టడం కంటే మధ్యలో గాలి ఆడే రేకు కవచం నాకు ఎక్కువ నమ్మకం.

అంతా బిగించాక టర్బో గాలి పీల్చే నోటికి మూత వేసి, ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే బ్రీదర్ పైపు కట్టేసి, రెగ్యులేటర్ ఉన్న షాపు గాలి కంప్రెసర్‌తో మెల్లగా గాలి నింపండి. మీరు నడపబోయే బూస్టుకు కొద్దిగా ఎక్కువ చాలు. ప్రతి అతుకు మీద సబ్బునీళ్లు పోస్తే బుడగలు వచ్చే చోటు తెలుస్తుంది. ఎక్కువగా దొరికేది క్లిప్పు పైపు అంచు మీద కూర్చున్న చోటే. మామూలు స్క్రూ క్లిప్పులు తీసి టి-బోల్టు క్లిప్పులు వేయండి.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు టర్బో ఆయిల్ రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి, ఇంజెక్టర్ల ఫ్యూజు తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. తర్వాత స్టార్ట్ చేసి కొన్ని నిమిషాలు ఐడిల్‌లోనే ఉంచి, టార్చి వేసి చుట్టూ చూడండి. పూర్తిగా చల్లారాక మేనిఫోల్డ్ నట్లన్నీ మళ్లీ టార్క్ చేయాలి. అవి మొదటి వేడికి కొంత వదులవడం మామూలే. ఇంకోసారి వేడెక్కించి చల్లార్చి మళ్లీ చూడండి. నట్లు కదలకుండా నిలిచాకే కారును ట్యూనింగ్‌కు పంపండి.