చెక్కులో దాగిన షా

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లిషు నిఘంటువు కొనేముందు 'చెక్' అనే మాట తీసి చూడండి. దాని పుట్టుక రాసి ఉంటేనే బేరం మొదలుపెట్టండి. నేను అట్ట మెరుపు చూసి ఒకటి కొని, ఇప్పుడు తలుపుకు అడ్డుగా వాడుతున్నాను.

ఫారసీలో 'షా' అంటే రాజు. చదరంగంలో రాజుకు ముప్పు వస్తే ఆ మాటే హెచ్చరిక. అరబ్బీ, లాటిన్, పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషు చేరేసరికి అది 'చెక్' అయింది. రాజును నిలవరించడం నుంచి అడ్డుకోవడం, దాని నుంచి సరిచూడడం అనే అర్థాలు పుట్టాయి. మోసం జరగకుండా ఉంచుకునే కౌంటర్‌ఫాయిల్‌కు (కాగితం చించి ఇచ్చాక మన దగ్గర మిగిలే ముక్కకు) 18వ శతాబ్దంలో ఆ పేరు వచ్చి, చివరికి బ్యాంకు చెక్కు అయింది. గళ్ల చొక్కా 'చెక్స్' కూడా చదరంగం బల్ల చలవే. ఒకప్పుడు ఫారసీ రాజభాషగా నడిచిన మన హైదరాబాదులో ఈ చుట్టరికం ఇంకా ముద్దుగా అనిపిస్తుంది.

ఇంకొకటి చూడండి. 'బార్క్' వంటి మాటకు 1, 2 అని వేరువేరు పద్దులు ఉన్నాయా? కుక్క అరుపు పాత ఇంగ్లిషుది, చెట్టు బెరడు స్కాండినేవియా వాళ్ల పాత భాష నార్స్‌ది. రెండింటినీ ఒకే పద్దులో కుక్కిన పుస్తకాన్ని అక్కడే వదిలేయండి.