ఊళ్లోని బెల్టు షాపును మూయించే పద్ధతి

సారా కొట్టు తనంతట తాను మూతపడదని, ఆడవాళ్లు నలుగురు కూర్చుని తమ గోడు చెప్పుకున్న రోజునే ఆ పని మొదలవుతుందని నెల్లూరు జిల్లా దూబగుంట మనకు చూపించింది. అక్షరదీపం తరగతుల్లో అక్షరాలు దిద్దిన రోశమ్మ వంటి మహిళలు తమ ఊరి సారా కొట్టును మూయించారు, 1992లో జిల్లా అంతటా సారా వేలం పాటలు సాగనివ్వలేదు, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగలగానే రోజుకొక రూపాయి పొదుపు కూడా ఈ జిల్లాలోనే ఉద్యమమైంది. అందుకే ఈ పనికి మొదటి మెట్టు పోలీస్ స్టేషన్ కాదని, మీ వీధిలోని డ్వాక్రా సంఘమేనని నేను గట్టిగా నమ్ముతాను.

మీ ఊళ్లో ఉన్నది లైసెన్సు దుకాణమా, బెల్టు షాపా అన్నది ముందుగా తేల్చుకోవాలి. 2024 అక్టోబరు 16 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో 3,396 ప్రైవేటు దుకాణాలకు లాటరీ ద్వారా లైసెన్సులిచ్చారు, వాటి వేళలు ఉదయం 10 నుంచి రాత్రి 10 వరకు. కిరాణా కొట్టులో కూల్‌డ్రింకుల వెనుక క్వార్టర్ సీసాలు దాచి, తెల్లవారుజామునే పది, ఇరవై రూపాయలు ఎక్కువకు అమ్మేది బెల్టు షాపు, అది పూర్తిగా చట్టవిరుద్ధం.

తర్వాత ఒక నోటు పుస్తకం పెట్టండి. అమ్మిన తేదీ, వేళ, తీసుకున్న ధర అందులో రాయండి. వీధిలో పడేసిన ఖాళీ సీసాలను లేబుల్ చెరగకుండా దాచండి, ఎందుకంటే సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టడానికి ఎక్సైజ్ వారికి అవి పనికిరావచ్చు. కోపంలో కొట్టు మీద పడి సీసాలు పగలగొట్టవద్దు. కేసు అమ్మినవాడి మీద కాక మీ మీదే పడుతుంది, సాక్ష్యమూ పోతుంది.

గ్రామసభలో తీర్మానం చేయించి, దాని నకలును, పుస్తకంలోని పేజీల జిరాక్సులను అర్జీకి జతపరచి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో పది మంది కలిసి ఇచ్చి, రసీదు తప్పక తీసుకోండి. ఎక్సైజ్ స్టేషన్‌లోనూ ఒక ప్రతి ఇవ్వండి.

లైసెన్సు దుకాణమైతే దారి వేరు. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు, 20,000 లోపు జనాభా ఉన్న చోట్ల 220 మీటర్ల లోపు మద్యం అమ్మరాదని సుప్రీంకోర్టు చెప్పింది, కనుక 16వ నంబరు జాతీయ రహదారి పక్క ఊళ్లవారు టేపు పట్టి దూరం కొలిచి చూడాలి.

బెల్టు షాపు నడిపేది ఒక్కోసారి ఏ ఆధారమూ లేని వితంతువే అయి ఉంటుంది. ఆమెకు సంఘం నుంచి గేదెకో, కుట్టుమిషనుకో అప్పు ఇప్పించకపోతే, మూసిన కొట్టు నెల తిరక్కుండానే పక్క వీధిలో తెరుచుకుంటుంది. పొగాకు కూలి డబ్బులు చేతికొచ్చే సాయంత్రాల్లో ఆ వీధి వైపు ఇద్దరు వెళ్లి చూసి రావాలి, నోటు పుస్తకం కనీసం ఆరు నెలలపాటు రాస్తూనే ఉండాలి.