చైనీస్ ఇమ్మర్షన్ బడిలో చేర్చే ముందు చూడవలసిన సంగతి

శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాలకు కొత్తగా వచ్చిన తెలుగు తల్లిదండ్రులలో కొందరు తమ పిల్లలను చైనీస్ ఇమ్మర్షన్ బడిలో చేర్పించాలని ఆలోచిస్తుంటారు. చైనీస్‌ను ఒక పాఠ్యాంశంగా నేర్పడంతో ఆగకుండా, లెక్కలు, సైన్సు వంటివి కూడా చైనీస్ భాషలైన మాండరిన్‌లోనో కాంటనీస్‌లోనో బోధించడం ఈ బడుల పద్ధతి. బడి చూడడానికి వెళ్లినవారు సీట్ల లాటరీ గురించి, హోమ్‌వర్క్ గురించి తప్పక అడుగుతారు కానీ, ఇంట్లో చైనీస్ మాట్లాడే కుటుంబాలు ఆ బడిని తమదిగా భావిస్తున్నాయా అని అడిగేవారు అరుదు. నా దృష్టిలో ముందుగా అడగవలసింది అదే. ఉపాధ్యాయురాలు తరగతిలో ఎంత చెప్పినా, ఆటస్థలంలో, భోజనాల బల్ల దగ్గర ఆ భాష వినిపించాలంటే దానిని ఇంటి నుంచి తెచ్చుకున్న పిల్లలు అక్కడ ఉండాలి.

ఈ బడులలో రెండు రకాలు కనిపిస్తాయి. ఒక రకంలో పిల్లలందరూ దాదాపు ఇంగ్లిష్ నేపథ్యం నుంచే వస్తారు. రెండవ రకంలో కొన్ని సీట్లను చైనీస్ మాట్లాడే పిల్లలకు కేటాయించి, ఇరువర్గాలూ ఒకరి నుంచి ఒకరు నేర్చుకునే ఏర్పాటు చేస్తారు. చిన్న తరగతుల్లో చైనీస్ బోధన కొన్నిచోట్ల సగం సమయం, మరికొన్నిచోట్ల ఎనభై, తొంభై శాతం వరకు ఉంటుంది.

రెండవ రకం బడులలో కూడా చైనీస్ కుటుంబాలకు ఆదరణ దానంతట అది లభించదు. పిల్లలకు పాఠం మాండరిన్‌లో సాగినా, తల్లిదండ్రుల సమావేశం మాత్రం ఇంగ్లిష్‌లోనే జరిగిపోతుంది. మేము వెళ్లిన ఒక బడిలో, మనవడి చదువు గురించి వచ్చిన ఒక అమ్మమ్మ గారు గంటసేపు నోరు విప్పకుండా కూర్చున్నారు. ఆ గదిలో చైనీస్ ఉపాధ్యాయులు ముగ్గురున్నా, ఆమెకు అనువాదం చేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. పాఠం వేగాన్ని భాష తెలియని పిల్లలకు తగినట్టు నిర్ణయిస్తే, ఇంట్లో ఆ భాషలో కథలు వింటూ పెరిగిన పిల్లవాడు రంగుల పేర్లు, అంకెల దగ్గరే నెలల తరబడి నిలిచిపోతాడు. పక్కవారికి సాయం చేయడమే అతని పనిగా మారితే, అతని చదువు ఏమైందని తల్లిదండ్రులు బాధపడడం న్యాయమే.

ఇక చైనీస్ అంటే ఒకే భాష అనుకోవడం మనవాళ్లు తరచుగా చేసే పొరపాటు. శాన్‌ఫ్రాన్సిస్కోలో తరతరాలుగా స్థిరపడిన కుటుంబాలలో చాలామందిది కాంటనీస్ లేదా దానికి దగ్గరి తైషానీస్. ఇంగ్లిష్ రాని చైనీస్ పిల్లలకు ఆ భాష నేర్పే ఏర్పాటు చేయకపోవడం చట్టవిరుద్ధమని 1974లో అమెరికా సుప్రీంకోర్టు లావ్ వర్సెస్ నికోల్స్ కేసులో ఇచ్చిన తీర్పు ఈ నగర పాఠశాలల విషయంలోనే వచ్చింది. నగరంలోని వెస్ట్ పోర్టల్ పాఠశాలలో 1984లో కాంటనీస్ ఇమ్మర్షన్ మొదలైంది. నగర ప్రభుత్వ పాఠశాలల్లో తొలి చైనీస్ అమెరికన్ ఉపాధ్యాయురాలైన ఆలిస్ ఫాంగ్ యు పేరిట 1995లో వెలసిన బడి కూడా కాంటనీస్ ఇమ్మర్షన్‌తోనే నడిచింది. కాంటనీస్ ఇంటి పిల్లకు మాండరిన్ బడి మాతృభాష బడి కాదు. తైవాన్ కుటుంబానికి సంప్రదాయ లిపి, ఉచ్చారణ చూపే జూయిన్ అక్షరాలు అలవాటు. బడిలో సరళ లిపి, ఉచ్చారణను ఇంగ్లిష్ అక్షరాలలో రాసే పిన్యిన్ ఉండవచ్చు. తుడౌ అన్న మాటకు చైనాలో బంగాళాదుంప అని, తైవాన్‌లో వేరుశనగ అని అర్థం. ఒకే కాయను ఒక జిల్లాలో ఆనపకాయ అని, మరో జిల్లాలో సొరకాయ అని పిలిచే మనకు ఇది కొత్త కాదు. ఇంటి మాటను బడిలో తప్పుగా దిద్దితే ఆ బిడ్డ మనసు ఎంత చిన్నబోతుందో, తమ యాసను ఎవరైనా ఎత్తిపొడిచిన అనుభవమున్న తెలుగువారికి చెప్పనక్కరలేదు.

మన పిల్లల స్థానం ఇంకాస్త భిన్నమైనది. కాలిఫోర్నియా ప్రభుత్వ పాఠశాలల్లో చేర్చేటప్పుడు ఇంటి భాష గురించి ఒక పత్రం నింపాలి. బిడ్డ మొదట నేర్చిన భాష, ఇంట్లో మాట్లాడే భాష తెలుగు అని రాస్తే ఇంగ్లిష్ స్థాయిని తెలుసుకునే ఈఎల్‌పీఏసీ పరీక్ష పెడతారు. పరీక్ష తప్పించుకోవడానికి తెలుగును దాచవద్దు; ఆ పరీక్ష వల్లే, అవసరమైతే, బిడ్డకు ఇంగ్లిష్‌లో అదనపు సాయం అందుతుంది. అయితే ఇంగ్లిష్‌తో పాటు చైనీస్ కూడా కొత్తగా నేర్చుకునే బిడ్డకు ఏ సమయంలో ఎవరు సాయం చేస్తారో చేరేముందే అడిగి తెలుసుకోవాలి. ఇంట్లో తెలుగు మానివేయవలసిన అవసరం ఎంతమాత్రం లేదు.

బడి చూడడానికి వెళ్లినప్పుడు, ఇంట్లో చైనీస్ మాట్లాడే ఒకరిద్దరు తల్లిదండ్రులతో మాట్లాడించమని కోరండి. తమ పిల్లలకు వేరే స్థాయి పుస్తకాలు ఇస్తున్నారా, ఉత్తరాలు రెండు భాషల్లోనూ వస్తున్నాయా, తల్లిదండ్రుల సంఘంలో తమ మాట చెల్లుతోందా అని వారిని అడగండి. చేరిన తరువాత సమావేశంలో మీ పక్కన కూర్చున్నవారికి ఇంగ్లిష్ అందడం లేదని గమనిస్తే, అనువాదం ఏర్పాటు చేయమని మీరే లేచి అడగండి. కొత్తగా వచ్చామన్న సంకోచం అక్కర్లేదు. వీలైతే సాయంత్రం బడి వదిలే వేళ కూడా ఒకసారి వెళ్లి, మనవల కోసం వచ్చిన పెద్దలు కార్యాలయం కిటికీ దగ్గర చైనీస్‌లో ఏదైనా అడిగినప్పుడు వారికి ఏ భాషలో జవాబు వస్తోందో వినండి.