రెండు ఇంజిన్ల రౌటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చడం: నాలుగో పాఠం

పోయిన పాఠంలో కన్సోల్ కేబుల్ పెట్టి 9600 స్పీడ్‌లో లాగిన్ అవ్వడం, కాన్ఫిగరేషన్ కాపీ తీసి బయట దాచుకోవడం చూశాం. ఆ రెండూ చేయనివాళ్లు ముందు అవి పూర్తి చేసి రండి, ఎందుకంటే ఇవాళ మధ్యలో మీ రిమోట్ లాగిన్ తెగిపోయే అవకాశం ఉంది.

ఉదాహరణ మనది పాతదే. నల్లగొండలో ఒక ఇంటర్నెట్ ఆపరేటర్ రూము, అందులో జూనిపర్ ఎంఎక్స్ 480, దాని నుంచి మిర్యాలగూడకూ దేవరకొండకూ లింకులు. రౌటర్‌ను నడిపే మెదడు లాంటి రౌటింగ్ ఇంజిన్లు రెండు: ఆర్ఈ0 మాస్టర్ (ఇప్పుడు పని చూసేది), ఆర్ఈ1 బ్యాకప్. రెండున్నాయి కదా, నెట్ అసలే పోదని చాలామంది కస్టమర్లకు ముందే మాట ఇచ్చేస్తారు. ఈ పద్ధతిలో పోతుంది, కానీ మీరు అనుకున్న టైముకే పోయేలా చేయొచ్చు.

మామూలు రోజుల్లో మాస్టర్ పడిపోయినా ట్రాఫిక్ ఆగకుండా చూసేవి జీఆర్ఈఎస్ (లైన్ కార్డులు ఆగకుండా ఇంజిన్ మార్చేది), ఎన్ఎస్ఆర్ (పక్క రౌటర్లతో సంబంధాలు తెగకుండా చూసేది) అనే రెండు ఫీచర్లు. ఇవి సరిగ్గా పనిచేయాలంటే రెండు ఇంజిన్లలోనూ ఒకే వెర్షన్ ఉండాలి. అప్‌గ్రేడ్ మధ్యలో వెర్షన్లు వేరవుతాయి కాబట్టి ముందే రెండింటినీ తీసేసి 'కమిట్ సింక్రొనైజ్' కొట్టండి, ఆ మార్పు రెండు ఇంజిన్లలోనూ అమల్లోకి వస్తుంది. ఇక్కడి నుంచి పని అయ్యేదాకా కాన్ఫిగరేషన్‌లో ఇంకేమీ మార్చొద్దు, ఎవరు ఫోన్ చేసి అడిగినా సరే.

ఇప్పుడు ఆర్ఈ1లోకి వెళ్లి 'రిక్వెస్ట్ సిస్టమ్ సాఫ్ట్‌వేర్ యాడ్' కొట్టండి, అయ్యాక రీబూట్. ఫైలు పేరులో వీఎమ్‌హోస్ట్ అని ఉంటే కమాండ్ వేరు, 'రిక్వెస్ట్ వీఎమ్‌హోస్ట్ సాఫ్ట్‌వేర్ యాడ్'. రీబూట్ కమాండ్ కూడా దానికి తగ్గట్టే మారుతుంది. జీఆర్ఈఎస్ తీసేశాం కాబట్టి ప్రాంప్ట్ పైన మాస్టర్, బ్యాకప్ అని కనిపించకపోవచ్చు, అందుకే రీబూట్ కొట్టే ముందు మాత్రం 'షో చాసిస్ రౌటింగ్-ఇంజిన్' కొట్టి మీరున్న ఇంజిన్‌కు ఏముందో చూడండి. మాస్టర్ అని ఉంటే మీరున్నది తప్పు ఇంజిన్‌లో. బ్యాకప్ అని ఉంటేనే ఎంటర్ నొక్కండి. ఇది పట్టపగలు చేసినా కస్టమర్‌కు తెలియదు, ట్రాఫిక్ అంతా ఆర్ఈ0 చూసుకుంటూనే ఉంటుంది.

ఆర్ఈ1 లేచి కొత్త వెర్షన్ చూపించాక అసలు టెన్షన్ మొదలు. ఆర్ఈ0లో 'రిక్వెస్ట్ చాసిస్ రౌటింగ్-ఇంజిన్ మాస్టర్ స్విచ్' కొట్టగానే, జీఆర్ఈఎస్ లేదు కాబట్టి లైన్ కార్డులు (లింకుల కేబుళ్లు గుచ్చే కార్డులు) మళ్లీ మొదటి నుంచి లేస్తాయి, పక్క రౌటర్లతో దారులు పంచుకునే బీజీపీ, ఓఎస్‌పీఎఫ్ సంబంధాలన్నీ తెగి మళ్లీ కలుస్తాయి. నెట్ కొన్ని నిమిషాలు ఉండదు. అందుకే ఈ ఒక్క కమాండ్‌ను రాత్రి రెండు దాటాక పెట్టుకోండి, రైస్ మిల్లుల ఆఫీసులు కూడా అప్పటికి మూసుంటాయి. ఇంటర్ రిజల్ట్స్ వచ్చే వారమైతే అసలు ముట్టుకోవద్దు.

నెట్ వచ్చింది కదా అని వెంటనే ఆర్ఈ0 మీద పడకండి. పాత సాఫ్ట్‌వేర్ ఉన్నది ఇప్పుడు దాంట్లోనే, కొత్త వెర్షన్ ఏదైనా తేడా చేస్తే మీరు గబుక్కున వెనక్కి పోవడానికి అదే దారి. బీజీపీలో రూట్ల సంఖ్య మొదటిలాగే ఉందా, అలారాలు ఏమైనా వచ్చాయా, దేవరకొండ లింకులో ఎర్రర్లు పెరుగుతున్నాయా చూసుకోండి. నన్నడిగితే ఒక రోజు బిజీ టైము దాటేదాకా ఆగమంటాను, మేనేజర్ తొందరపెట్టినా. ఆ తర్వాతే ఆర్ఈ0కీ అదే కొత్త వెర్షన్ ఎక్కించండి.

రెండూ ఒకటయ్యాక జీఆర్ఈఎస్, ఎన్ఎస్ఆర్ తిరిగి పెట్టి కమిట్ చేయండి. ఆర్ఈ0నే మాస్టర్‌గా ఉండాలనే పట్టింపు ఉంటే, బ్యాకప్‌లో 'షో సిస్టమ్ స్విచోవర్' కొట్టి అంతా రెడీ అని వచ్చాకే మార్చండి. అంతకు ముందు మారిస్తే ఇంకోసారి నెట్ పోతుంది, అదీ ఊరికే. ఆర్ఈ1 మాస్టర్‌గా ఉండిపోయినా నష్టం లేదు.

వచ్చే పాఠంలో ఐఎస్ఎస్‌యూ, అంటే సర్వీసు ఆపకుండా అప్‌గ్రేడ్ చేయడం. ఆలోపు మీ రౌటర్‌లో ఉన్న లైన్ కార్డుల మోడళ్లు రాసి పెట్టుకోండి, అన్ని కార్డులూ దానికి ఒప్పుకోవు.