పెద్దయ్యాక వినికిడి పోతే మాట ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేసుకోవాలి

ముందుగా ఒక హెచ్చరిక. వినికిడి కొన్ని గంటల్లోనో, రెండు మూడు రోజుల్లోనో హఠాత్తుగా పడిపోతే, ఒక్క చెవికే అయినా సరే, అదే రోజు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. దీనికి స్టెరాయిడ్ మందులు వాడతారు. మొదటి రెండు వారాల్లోపు, వీలైనంత త్వరగా మొదలుపెడితేనే వాటితో ప్రయోజనం ఎక్కువ. గులిమి అడ్డుపడిందేమో అనుకుంటూ నూనె చుక్కలతో వారం గడిపేస్తే ఆ అవకాశం చేజారిపోతుంది.

ఇక మిగతాదంతా నలభైలోనో, అరవైలోనో, ఆ తరవాతో వినికిడి బాగా తగ్గినవారి కోసం, వారి ఇంట్లోవాళ్ళ కోసం. మాట బాగా వచ్చాక చెవి పోయినవారికి మాట పోదు. కానీ తన గొంతు తనకు వినపడక, తప్పు దొర్లినా తెలియదు. కింది ఇబ్బందుల్లో సగం అక్కడే మొదలవుతాయి.

సమస్య: "ఎందుకలా అరుస్తున్నావు?" అంటున్నారు

కారణం: లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు సొంత గొంతు కూడా చిన్నగానే వినపడుతుంది, అందుకని తెలియకుండానే గొంతు పెంచుతారు. మధ్య చెవి సమస్య అయితే దీనికి తలకిందులు: ఎముక గుండా తన గొంతు తనకే పెద్దగా వినపడి, మరీ చిన్న గొంతుతో మాట్లాడతారు.

చేయవలసింది: గొంతును చెవితో కాక చేత్తో కొలవాలి. అరచెయ్యి రొమ్ము ఎముక మీద ఆనించి "ఊఁ" అనండి. సాధారణ గొంతులో అక్కడ ప్రకంపన స్పష్టంగా తగులుతుంది. అరిచినప్పుడు గొంతు కీచుగా పైకిపోతుంది, మెడ నరాలు బిగుసుకుంటాయి. ఆ బిగువే మీకు గుర్తు.

ఫోన్‌లో శబ్దాన్ని డెసిబెల్స్‌లో చూపించే యాప్ ఒకటి పెట్టుకోండి. మామూలు సంభాషణ ఒక మీటరు దూరంలో 60 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. ఫోన్ల కొలతలు ఒకదానికొకటి కలవవు కాబట్టి ఆ అంకెనే నమ్ముకోవద్దు. బాగా వినపడేవారిని ఎదురుగా కూర్చోబెట్టి, "ఇప్పుడు సరిగ్గా ఉంది" అన్నప్పుడు మీ ఫోన్ ఎంత చూపిస్తోందో రాసుకోండి. మీకు అదే కొలబద్ద. రోజూ పది నిమిషాలు ఆ అంకె దగ్గర నిలబడేలా పేపరు పైకి చదవండి.

ఇంట్లోవాళ్ళకు: నలుగురిలో "మెల్లగా మాట్లాడు నాన్నా" అనకండి. ఆ మాట ఒకటికి నాలుగుసార్లు పడితే మనిషి మాట్లాడటమే మానేస్తారు. అరచెయ్యి కిందికి దించితే తగ్గించమని, పైకెత్తితే పెంచమని ముందే అనుకోండి.

సమస్య: మాట ముద్దగా ఉంటోంది, పదం చివర అందడం లేదు

కారణం: సాధారణంగా మొదట పోయేది కీచు ధ్వనుల వినికిడి. స, శ, ష, చ తేడాలు అక్కడే ఉంటాయి. తరవాత దీర్ఘాలు కురచవుతాయి, ఒత్తులు జారిపోతాయి. తెలుగులో అది చిన్న విషయం కాదు. వడ, వాడ వేరు. నడి, నాడి వేరు. గడి, గడ్డి వేరు.

చేయవలసింది: "స" అన్నప్పుడు నోటి ముందు అరచెయ్యి పెడితే సన్నని చల్లగాలి ఒక చోటే తగులుతుంది. "ష"కు గాలి వెడల్పుగా పరుచుకుంటుంది. ఈ తేడా చేతికి తెలిసేదాకా జంటలుగా పలకండి. "ల-ళ", "న-ణ" జంటల్లో నాలుక కొస వెనక్కి మడుస్తోందో లేదో గమనించండి.

దీర్ఘాలకు మంచి సాధనం మన ఛందస్సే. చిన్నప్పుడు కంఠతా పట్టిన ఆటవెలదులో తేటగీతులో తీసుకుని, లఘువుకు ఒక దెబ్బ, గురువుకు రెండు దెబ్బలు బల్ల మీద వేళ్ళతో కొడుతూ చదవండి. చెవి సాయం లేకున్నా వేలు కొలత చెబుతుంది. రోజుకు నాలుగైదు పద్యాలు చాలు.

ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టి, మాట్లాడింది ఎలా రాస్తోందో కూడా చూసుకోవచ్చు. అదీ తప్పులు రాస్తుంది కాబట్టి, అదే పేరాను ముందు వినపడేవారితో చదివించండి. వారికి సరిగ్గా వచ్చి, మీకు మాత్రమే పదే పదే తప్పు వచ్చిన పదాల మీద పనిచేయండి.

సమస్య: చెవి మిషన్ పెడితే సొంత గొంతు కుండలో మాట్లాడినట్టు మోగుతోంది

మిషన్ చెవిలోనే ఉంచి ఆపేయండి. "ఈ... ఊ..." అనండి. అప్పటికీ మోగితే చెవి మూసుకుపోవడమే కారణం: మౌల్డ్‌లో (చెవి కొలతకు చేసిన అచ్చులో) గాలిరంధ్రం పెద్దది చేయించాలి, లేదా డోమ్ (మిషన్ కొసన ఉండే మెత్తని రబ్బరు టోపీ) మార్పించి రంధ్రాలున్నది పెట్టించాలి. ఆపగానే పోతే, మంద్ర ధ్వనులను మిషన్ ఎక్కువగా పెంచుతోందని అర్థం. ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) కంప్యూటర్‌లో తగ్గిస్తారు. వినికిడి లోపం తీవ్రంగా ఉన్నవారికి రంధ్రం పెంచితే మిషన్ ఈల వేస్తుంది, అక్కడ కొంత సర్దుకోక తప్పదు.

మౌల్డ్ వదులైనా, చెవిలో గులిమి నిండినా కూడా ఈల వస్తుంది. ఇక మిషన్‌లో వేసే జింక్-ఎయిర్ బ్యాటరీ (గాలి తగిలితే పనిచేసేది) స్టిక్కర్ తీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి అప్పుడు పెట్టండి. 312 సైజుకు గోధుమరంగు స్టిక్కర్, 13కు నారింజ, 675కు నీలం. కోస్తా ఉక్కపోతలో రాత్రిపూట మిషన్‌ను తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న డబ్బాలో ఉంచితే ఎక్కువ కాలం మన్నుతుంది.

సమస్య: "వినపడుతోంది, కానీ అర్థం కావడం లేదు"

కారణం: అచ్చులు అందుతున్నాయి, హల్లులు అందడం లేదు. ఎదుటివారు అరిస్తే పెరిగేవి ముఖ్యంగా అచ్చులే. పైగా లోపలి చెవి దెబ్బతింటే చిన్న శబ్దం అందదు, కాస్త పెంచితే భరించలేనంత అవుతుంది. అందుకే అరవడం ఇద్దరికీ నష్టం.

చేయవలసింది: మూడడుగుల దూరంలోకి వచ్చి, ఎదురుగా, మామూలు గొంతుతో, పదానికి పదానికి మధ్య కాస్త ఆగుతూ మాట్లాడాలి. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. ఫ్యాను స్పీడు తగ్గించండి, టీవీ ఆపండి, మిక్సీ తరవాత వేసుకోవచ్చు. కిటికీ మాట్లాడేవారి వెనక ఉంటే ముఖం నల్లగా కనపడుతుంది. వెలుతురు వారి ముఖం మీద పడాలి.

సమస్య: పెదవులు చూసినా తప్పు అర్థమవుతోంది

ఇది పెదవులు చదివేవారి లోపం కాదు. పాట, బాట, మాట మూడూ పెదవుల మీద ఒక్కలాగే ఉంటాయి. క, గ నోటి వెనక పలుకుతాయి, కనపడనే కనపడవు. అంతకన్నా పెద్ద చిక్కు, తెలుగులో అసలు సంగతి వాక్యం చివర ఉంటుంది. "తినొచ్చు", "తినొద్దు" రెండూ దాదాపు ఒకేలా కనపడతాయి. షుగర్ ఉన్న మనిషికి ఆ తేడా ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. "వెళ్ళాడు", "వెళ్ళాడా" తేడా కూడా చివరి అచ్చులోనే.

అందుకని "తినొద్దు" అనే బదులు తల అడ్డంగా ఊపుతూ "మానెయ్యండి" అనాలి, "తినొచ్చు"కు బదులు తల కిందికీ పైకీ ఊపుతూ "ఫరవాలేదు, తినండి" అనాలి. ప్రశ్న అయితే "ఒకటి అడుగుతాను" అని ముందే చెప్పాలి. ఇరవై, అరవై లాంటి అంకెలు వేళ్ళతో చూపించాలి, లేదా "రెండు, సున్నా" అని విడదీయాలి.

సమస్య: "ఆఁ? ఏంటి?" అని రెండుసార్లు అడగ్గానే "ఏం లేదులే" అనేస్తున్నారు

"ఆఁ?" అంటే ఎదుటివారికి ఏది అందలేదో తెలియదు, మొత్తం మళ్ళీ చెప్పాలి. అందినదాన్ని తిరిగి చెప్పి, అందనిదే అడగండి: "ఎల్లుండి అన్నావు, ఎన్నింటికి?" చెప్పేవారు అదే వాక్యాన్ని రెండుసార్ల కన్నా ఎక్కువ చెప్పకుండా పదాలు మార్చి చెప్పాలి. "బస్సు పోయింది" అందకపోతే "బస్సు వెళ్ళిపోయింది, మనం అందుకోలేదు" అనాలి. "ఏం లేదులే" మాత్రం ఇంట్లో ఎవరూ అనకూడదు. అర్థం కాకుండా తలూపే అలవాటు చాలావరకు ఆ మాట వల్లే మొదలవుతుంది.

సమస్య: బయట పనులు, ఫోన్లు, ఆసుపత్రి

ఫోన్లకు బదులు సందేశం రాయమనండి, వాయిస్ మెసేజీలు వద్దనండి. ఎదురెదురుగా మాట్లాడేటప్పుడు గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ యాప్‌లో తెలుగు ఎంచుకుని, మాట్లాడేవారి నోటికి దగ్గరగా ఫోన్ పెడితే మాట అక్షరాల్లో కనపడుతుంది. నలుగురూ ఒకేసారి మాట్లాడితే మాత్రం కలగాపులగం అవుతుంది.

రెండు చెవులకూ సరిగ్గా సెట్ చేసిన మిషన్లు పెట్టినా మాట అర్థం కాకపోతే, కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం) పనికొస్తుందేమో పరీక్ష చేయించండి. వినికిడి పరీక్షలకు సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి తీసుకెళ్ళండి: "నాకు వినపడదు. నా వంతు వచ్చినప్పుడు చెయ్యి ఊపండి. మందులు ఎప్పుడు, ఎన్ని వేసుకోవాలో రాసివ్వండి. తినకూడనివి విడిగా రాయండి." అది కౌంటర్ దగ్గర ముందే చూపించి, కౌంటర్ కనపడే కుర్చీలో కూర్చోండి.