ఫాక్స్‌టెయిల్ ఆర్కిడ్‌కి మట్టి వద్దు

అస్సాంలో బిహు ఆడే అమ్మాయిల జడల్లో వేలాడే కొపౌ పూలు గుర్తున్నాయా? అదే ఫాక్స్‌టెయిల్ ఆర్కిడ్, శాస్త్రీయ నామం రింకోస్టైలిస్ రెటూసా. మన తూర్పు కనుమల్లోనూ చెట్ల కొమ్మల మీద పెరుగుతుంది. అడవి నుంచి మాత్రం పీక్కురావద్దు, నర్సరీ మొక్కే కొనండి.

కుండీలో మట్టి పోసి నాటితే వేర్లు కుళ్లిపోతాయి. మామిడి కొమ్మకో చెక్కముక్కకో నైలాన్ దారంతో కదలకుండా కట్టండి, లేదా చెక్కబుట్టలో పెద్ద కట్టెబొగ్గు ముక్కలు వేసి కూర్చోబెట్టండి. వేర్ల కొనలు పచ్చగా కొత్తగా సాగుతున్నప్పుడు కడితే త్వరగా అతుక్కుంటుంది.

నీళ్లు ఎప్పుడు పోయాలో వేరును చూస్తే తెలుస్తుంది. ఎండితే వెండి రంగులో తెల్లగా ఉంటుంది, తడిస్తే నిమిషాల్లో పచ్చబడుతుంది. తెల్లగా ఉంటేనే, అదీ పొద్దున్నే, తడపండి. ఎండాకాలం రోజూ కావాలి. చలికాలంలో బాగా తగ్గించండి. ఆకుల మొదట్లో నీళ్లు నిలిస్తే మొవ్వు కుళ్లుతుంది, జాగ్రత్త.

పొద్దుటి ఎండ తగలనిచ్చి, మధ్యాహ్నం షేడ్‌నెట్ నీడ ఇవ్వండి. పూలు సాధారణంగా ఏప్రిల్–జూన్ మధ్య వస్తాయి. ఊరికే చోటు మార్చకండి, వేర్లు కదిలితే అలుగుతుంది.