మంచు పడుతుంటే బఫెలోలో మ్యాచ్ చూడాలంటే

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఉన్న బఫెలో నగరపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బఫెలో బిల్స్. ఆ జట్టు ఆడే మైదానానికి పైకప్పు లేదు. ఈరీ సరస్సు మీది తేమను మోసుకొచ్చే గాలి సన్నని పట్టీలా వచ్చి స్టేడియం ఉన్న ఆర్చర్డ్ పార్క్ మీద మంచు కుమ్మరిస్తుంది. కొద్ది మైళ్ల అవతల పొడిగానే ఉండొచ్చు, కాబట్టి ఊరి పేరుతో కాక స్టేడియం పిన్‌కోడ్‌తో వాతావరణం చూడండి. 2022 నవంబరులో బ్రౌన్స్ జట్టుతో ఆట ఏకంగా డెట్రాయిట్‌కు మారింది. 2024 జనవరిలో స్టీలర్స్ జట్టుతో ప్లేఆఫ్ ఆదివారం నుంచి సోమవారానికి వాయిదా పడింది; గంటకు 20 డాలర్లిచ్చి జనం చేత మంచు ఎత్తించినా చాలా సీట్లు మంచులోనే ఉండిపోయాయి. అందుకే రద్దు చేసుకోగలిగే హోటలే బుక్ చేయండి. స్టేడియం ఉన్న ఈరీ కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్రయాణ నిషేధం పెడితే కారు తీయడం చట్టవిరుద్ధం.

చలి ముందు కాళ్ల కింది నుంచి ఎక్కుతుంది. మూడు గంటలు కాంక్రీటు మీద నిలబడితే ఎంత మంచి బూటైనా ఓడిపోతుంది. ఒక మందపాటి అట్టముక్క కాళ్ల కింద వేసుకుంటే సగం బాధ తప్పుతుంది (లోపలికి రానిస్తారో లేదో ముందే స్టేడియం నిబంధనల్లో చూడండి). రెండు జతల సాక్సులు బిగించి తొడిగితే రక్తం ఆడక వేళ్లు ఇంకా తొందరగా మొద్దుబారతాయి. ఒక్క ఉన్ని జత, కాస్త వదులు బూటు చాలు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. ఒంటికి ఉన్ని లేదా పాలియెస్టర్ ఇన్నర్, మధ్యలో ఫ్లీస్, పైన నీరు దిగని జాకెట్, ప్యాంటు.

చేతులకు వేళ్లన్నీ కలిసే మిట్టెన్లు, లోపల పలుచని గ్లౌజులు వేసుకోండి. ఫోన్ తీసినా చర్మం బయటపడదు. హ్యాండ్ వార్మర్లలోని ఇనుప పొడి గాలి తగిలితేనే వేడెక్కుతుంది. గేటు దగ్గరికి వెళ్లే ముందే విప్పండి, నేరుగా చర్మానికి ఆనించకండి. 2024 జనవరిలో కాన్సస్ సిటీలో మైనస్ 20 సెల్సియస్‌లో ఆట చూసిన కొందరికి ఆ తర్వాత వేళ్లు తీసేయాల్సి వచ్చింది. వేలు తెల్లబడి స్పర్శ పోతే రుద్దకండి, ఫస్ట్ ఎయిడ్‌కు వెళ్లండి. బీరు వెచ్చగా ఉన్నట్టు భ్రమ కలిగిస్తుందంతే, ఒంట్లో వేడిని బయటికి తోసేస్తుంది.

బ్యాగు పారదర్శకంగా ఉండాలి, 12×6×12 అంగుళాలు మించకూడదు.

ఇక జనం. పార్కింగులో బిల్స్ మాఫియా (బిల్స్ అభిమానుల ముద్దుపేరు) మడత బల్లల మీదికి దూకుతారు. చూడటానికి సరదానే, కానీ విరిగిన ముక్కలు ఎగిరిపడతాయి, పిల్లలతో దగ్గర నిలబడకండి. ఎదుటి జట్టు జెర్సీ వేసుకుంటే వెక్కిరింతలు ఖాయం, నవ్వేసి ఊరుకోండి. చెయ్యి పడితే మాత్రం వాదించకుండా అషర్‌కు (సీట్ల దగ్గర ఉండే స్టేడియం సిబ్బందికి) చెప్పండి, లేదా స్టేడియం ఫిర్యాదు నంబరుకు సెక్షన్, వరుస రాసి మెసేజ్ పెట్టండి.

టచ్‌డౌన్ (బంతిని ఎదుటి జట్టు గీత దాటించి పాయింట్లు సాధించడం) పడగానే పొడిపొడిగా ఉన్న మంచును గుప్పెళ్లతో గాల్లోకి చల్లడం అక్కడి పండగ, తప్పేమీ లేదు. దాన్ని ఉండ చుట్టి మైదానంలోకి విసిరితే కథ మారుతుంది. 2022 డిసెంబరులో డాల్ఫిన్స్ జట్టుతో ఆటలో రిఫరీ హెచ్చరించాడు: ఇంకో ఉండ ఎవరికైనా తగిలితే బిల్స్‌కే 15 గజాల శిక్ష (అంత దూరం వెనక్కి నెట్టడం) అని. 1995లో జెయింట్స్ స్టేడియంలో చార్జర్స్ జట్టు సామగ్రి బాధ్యుడు మంచుగడ్డ తగిలి స్పృహ తప్పాడు. సీటు కింద కరిగి మళ్లీ గడ్డకట్టినది మంచు కాదు, రాయే. వెనక నుంచి విసిరినా మైదానం దాకా అందని ఉండలు కింది వరుసల నెత్తి మీదే పడతాయి, అక్కడ కూర్చుంటే హుడ్ తీయొద్దు.

ఆట అయ్యాక కారు స్టార్ట్ చేసే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తవ్వేయండి. మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికే వస్తుంది. డిక్కీలో చిన్న పార ఉండాలి.